మార్కును తేలనివ్వమన్న ప్రొఫెసర్: కార్ల్ షిల్లర్ గెలుపోటముల వెనుక ఉన్న ముడి

1971 మే 5, బుధవారం. పశ్చిమ జర్మనీలో విదేశీ మారక మార్కెట్ తెరిచి గంట కూడా కాలేదు. ఆ దేశ కేంద్ర బ్యాంకు బుందెస్‌బ్యాంక్ అప్పటికే దాదాపు వంద కోట్ల డాలర్లు కొనేసింది. కావాలని కొనలేదు, కొనక తప్పలేదు. అప్పటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం డాలరు ధర ఒక స్థాయి కంటే కిందికి జారకుండా చూడడం దాని బాధ్యత. డాలర్లు అమ్ముతామంటూ ఎంతమంది వస్తే అంతమంది దగ్గరా కొనాలి. కొన్న ప్రతి డాలరుకూ తన దేశ కరెన్సీ అయిన మార్కులను మూడున్నరకు పైగా కొత్తగా సృష్టించి చేతిలో పెట్టాలి. ఆ ఉదయం బ్యాంకు చేతులెత్తేసి కొనుగోళ్లు ఆపేసింది. ఐదు రోజుల తర్వాత ప్రభుత్వం మార్కుకు వేసిన కట్టు విప్పి, మార్కెట్ నిర్ణయించిన ధరకే వదిలేసింది.

ఆ నిర్ణయం కోసం మంత్రివర్గంలోనూ బయటా పోరాడిన మనిషి ఆర్థిక వ్యవహారాల మంత్రి కార్ల్ షిల్లర్. వృత్తిరీత్యా ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. ఆయన గురించి సాధారణంగా రెండు మాటలు చెబుతారు. 1967 మాంద్యం నుంచి దేశాన్ని గట్టెక్కించిన మేధావి అని ఒకటి, అహంభావంతో 1972లో పదవి పోగొట్టుకున్న ప్రొఫెసర్ అని మరొకటి. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ మొదటి విజయానికీ రెండో పతనానికీ మధ్య ఉన్న లంకెను పట్టుకోకపోతే ఈ కథ ఒక మనిషి స్వభావం గురించిన కబుర్లుగా మిగిలిపోతుంది. ఆ లంకె పేరు మారకపు రేటు. దేశం లోపలి ఆర్థిక వ్యవస్థను శాస్త్రీయంగా నడిపే పనిముట్లను షిల్లర్ తయారు చేశారు. తన దేశ కరెన్సీ డాలరుకు కట్టేసి ఉన్నంతకాలం ఆ పనిముట్లు సరిగా పనిచేయవని పదవిలో ఉండగానే గ్రహించారు. గ్రహించాక, ఆ మాట వినడానికి ఇష్టపడని వాళ్లతో రాజీపడలేకపోయారు.

మాంద్యంలో చదువు, నాజీల కాలంలో ఉద్యోగం

షిల్లర్ 1911లో బ్రెస్లావ్‌లో పుట్టారు. ఆ నగరం ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు వ్రోత్స్వాఫ్. పెరిగింది బాల్టిక్ తీరంలోని కీల్‌లో. 1931లో ఆయన విశ్వవిద్యాలయంలో చేరేనాటికి జర్మనీ మహామాంద్యంలో కూరుకుపోతోంది. 1932 తొలి నెలల్లో నమోదైన నిరుద్యోగులే 60 లక్షలు దాటారు. ప్రభుత్వాధినేత, అంటే ఛాన్సలర్, హైన్‌రిష్ బ్రూనింగ్ అత్యవసర ఉత్తర్వులతో జీతాలు కోశారు, ఖర్చులు తగ్గించారు, పన్నులు పెంచారు. జనం చేతిలో డబ్బు లేనప్పుడు ప్రభుత్వం కూడా పిడికిలి బిగిస్తే ఏమవుతుందో ఆ తరం విద్యార్థులు తరగతి గది దాటి వీధిలోకి రాగానే చూశారు.

షిల్లర్ 1935లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరేట్ పొందారు. సిద్ధాంత వ్యాసం అంశం జర్మనీలో ఉపాధి కల్పన, దానికి ప్రభుత్వం డబ్బు సమకూర్చిన తీరు. ఆ వెంటనే కీల్‌లోని ప్రపంచ ఆర్థిక పరిశోధన సంస్థలో ఒక పరిశోధన బృందానికి నాయకుడయ్యారు. 1914లో బెర్న్‌హార్డ్ హార్మ్స్ స్థాపించిన ఆ సంస్థ వ్యాపార చక్రాల పరిశోధనలో ఐరోపాలోనే పేరున్నది. అయితే 1933లో నాజీలు అధికారంలోకి రాగానే గెర్హార్డ్ కోల్మ్, హాన్స్ నైసర్ వంటి ఆర్థికవేత్తలను అక్కడి నుంచి తరిమేశారు. వాళ్లు అమెరికా చేరుకున్నారు. వాళ్లు ఖాళీ చేసిన సంస్థలోకి అడుగుపెట్టిన యువకుల్లో షిల్లర్ ఒకరు. 1933లోనే ఆయన నాజీల అర్ధసైనిక దళం ఎస్.ఏ.లో చేరారు. 1937లో పార్టీ సభ్యత్వం తీసుకున్నారు.

ఈ సంగతిని ఆయన జీవితంలో అధోజ్ఞాపికగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. ప్రభుత్వం అప్పు చేసి పనులు కల్పించడం గురించి ఆయన మొదట రాసిన వ్యాసానికి ముడిసరుకు నియంతృత్వం నడిపిన ప్రయోగమే. ముప్పై ఏళ్ల తర్వాత మంత్రిగా ఆయన మళ్లీ అప్పు చేసి గిరాకీ పెంచారు. కానీ ఈసారి దానికి పార్లమెంటు ఆమోదం, రాసి పెట్టిన పరిమితులు, కార్మిక సంఘాలతో బహిరంగ చర్చ ఉండాలని పట్టుబట్టారు. యుద్ధం తర్వాత ఆయన రాసినదంతా చదివితే ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది: ఆజ్ఞాపించకుండా ఆర్థిక వ్యవస్థను నడపడం ఎలా? ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో మరిచిపోకూడదు.

తరిమేసిన కోల్మ్ సంగతి కూడా చెప్పాలి. 1946లో ఆయన అమెరికా ప్రభుత్వ సలహాదారుగా జర్మనీకి తిరిగి వచ్చి, కొత్త కరెన్సీ కోసం ఒక ప్రణాళిక తయారు చేసిన ముగ్గురిలో ఒకరయ్యారు. 1948లో పుట్టిన మార్కుకు పునాది వేసిన పత్రాల్లో అదొకటి. షిల్లర్ జీవితమంతా పెనుగులాడిన కరెన్సీ అదే.

రెండు బళ్ల మధ్య

1941 నుంచి యుద్ధం ముగిసేదాకా సైన్యంలో ఉన్న షిల్లర్, 1946లో సోషల్ డెమోక్రాటిక్ పార్టీలో చేరారు. 1947లో హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. మరుసటి ఏడాదే హాంబర్గ్ రాష్ట్ర ప్రభుత్వంలో ఆర్థిక, రవాణా శాఖలు చేపట్టి 1953 దాకా నడిపారు. బాంబుల దెబ్బకు ఛిద్రమైన ఓడరేవు, మిత్రరాజ్యాల ఆంక్షల కింద నలిగిన నౌకా నిర్మాణ కేంద్రాలు, వీటిని లేపి నిలబెట్టడం ఆయన మొదటి పాలనానుభవం. తరగతిలో తన శిష్యుడైన ఒక యువకుణ్ని తన శాఖలోకి తీసుకున్నారు. ఆ యువకుడి పేరు హెల్ముట్ ష్మిట్, తర్వాతి కాలపు ఛాన్సలర్.

మళ్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1956 నుంచి 1958 దాకా దాని అధిపతిగా పనిచేశారు. 1961లో బెర్లిన్ గోడ లేచిన కొద్ది నెలలకే మేయర్ విల్లీ బ్రాంట్ పిలుపు మీద పశ్చిమ బెర్లిన్ ఆర్థిక శాఖ తీసుకున్నారు. చుట్టూ గోడ ఉన్న నగరం నుంచి పరిశ్రమలు తరలిపోకుండా ఆపడం అక్కడ పని. ఇలా ఇటూ అటూ తిరగడం వల్ల ఆయనకు అరుదైన లాభం కలిగింది. సిద్ధాంతం తెలిసిన పాలకులు కొందరుంటారు, పాలన చూసిన సిద్ధాంతకర్తలు కొందరుంటారు. షిల్లర్ రెండింటినీ మూడు దఫాలుగా మార్చి మార్చి చేశారు.

ఆలోచనలోనూ ఆయనది రెండు బళ్ల చదువు. ఒకటి వాల్టర్ ఓయ్‌కెన్ నాయకత్వంలోని ఫ్రైబర్గ్ బృందానిది. మార్కెట్లో పోటీ నిజంగా ఉండేలా ప్రభుత్వం నియమాలు కాపాడాలి, గుత్తాధిపత్యాలను అడ్డుకోవాలి, ఆ తర్వాత ధరల విషయంలో వేలు పెట్టకూడదు అంటుంది. యుద్ధానంతర జర్మనీని నడిపిన లుడ్విగ్ ఎర్హార్డ్‌ది దాదాపు ఇదే దారి. రెండోది బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్‌ది. మొత్తం గిరాకీ పడిపోతే మార్కెట్ తనంతట తాను త్వరగా కోలుకోదు, ప్రభుత్వం ఖర్చు పెంచి లేపాలి అంటుంది. జర్మనీలో అప్పటికి ఈ రెండు వర్గాలూ ఎదురెదురుగా నిలిచేవి. షిల్లర్ వీటిని పని పంపకంతో కలిపారు: ఏ సరుకు ఎంత తయారు కావాలి, ఏ ధరకు అమ్మాలి అన్నది పోటీకే వదిలేయాలి, దేశం మొత్తం మీద గిరాకీ ఎంత ఉండాలన్నది మాత్రం ప్రభుత్వం చూడాలి. దీన్ని ఆయన సమగ్ర నిర్దేశం అన్నారు.

సాధ్యమైనంత పోటీ, అవసరమైనంత ప్రణాళిక అనే ఆయన సూత్రం 1959లో గోడెస్‌బర్గ్‌లో సోషల్ డెమోక్రాట్లు ఆమోదించిన కార్యక్రమంలోకి ఎక్కింది. మార్క్సిస్టు వారసత్వం ఉన్న పార్టీ మార్కెట్‌ను అంగీకరించిన సందర్భమది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ పార్టీకి మధ్యతరగతి ఓట్లు వచ్చేవి కావని నేను అనుకుంటాను.

1967: పనిముట్టు, పని రెండూ కుదిరిన ఏడాది

1966 చివరికి ఎర్హార్డ్ ప్రభుత్వం కూలింది. బడ్జెట్ లోటు పూడ్చడానికి పన్నులు పెంచాలా వద్దా అన్న గొడవలో చిన్న భాగస్వామి తప్పుకుంది. ధరల పెరుగుదలకు భయపడి బుందెస్‌బ్యాంక్ వడ్డీ బిగించింది, పెట్టుబడులు ఆగిపోయాయి. 1967 తొలి నెలల్లో నిరుద్యోగులు ఆరున్నర లక్షలు దాటారు. ఈ రోజు లెక్కల్లో అది చిన్న సంఖ్యే. కానీ యుద్ధం తర్వాత ఎదుగుదల తప్ప మరొకటి చూడని దేశానికి, 1932ను మరిచిపోని దేశానికి అది గుండె జారే సంఖ్య. నవనాజీ పార్టీ ఒకటి రాష్ట్రాల చట్టసభల్లోకి ప్రవేశించడం మొదలైంది కూడా అప్పుడే.

1966 డిసెంబర్ 1న రెండు పెద్ద పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. ఛాన్సలర్ క్రిస్టియన్ డెమోక్రాట్ కుర్ట్ గేఓర్గ్ కీసింగర్. ఆర్థిక వ్యవహారాలు షిల్లర్‌కు, ఖజానా శాఖ బవేరియా నాయకుడు ఫ్రాంజ్ జోసెఫ్ స్ట్రౌస్‌కు. ఈ ఇద్దరినీ పత్రికలు పిల్లల బొమ్మల కథలోని రెండు కుక్కపిల్లల పేర్లతో పిలిచేవి. అంత విడదీయరాని జంటగా కనిపించారు. తొలి రెండేళ్లు నిజంగానే చక్కగా కలిసి పనిచేశారు.

1967లో రెండు దఫాలుగా ప్రభుత్వం అదనపు ఖర్చు ప్రకటించింది. మొదటిది 250 కోట్ల మార్కులు, రెండోది 500 కోట్లకు పైగా. రైల్వేలు, తపాలా, రహదారులు, పరిశోధన వంటి పనులకు ఆ డబ్బు వెళ్లింది. అదే సమయంలో బుందెస్‌బ్యాంక్ కూడా వడ్డీ తగ్గించుకుంటూ వచ్చింది. గుర్రాలు మళ్లీ నీళ్లు తాగాలి అని షిల్లర్ అనేవారు. అంటే డబ్బు అందుబాటులో ఉంటే చాలదు, పెట్టుబడిదారుల్లో దాన్ని వాడే ధైర్యం రావాలి. అందుకే ఆయన రేడియోలో, సభల్లో, పార్లమెంటులో విసుగు లేకుండా వివరించారు. మాంద్యం ఎందుకు వచ్చింది, ప్రభుత్వం ఏం చేస్తోంది, ఎప్పటికి ఫలితం కనబడుతుంది అన్నవి పాఠం చెప్పినట్టు చెప్పారు. అప్పటిదాకా ఎర్హార్డ్ జనాన్ని పొదుపుగా ఉండమని మందలించేవారు. ఈయన జనానికి ఆర్థికశాస్త్రం నేర్పారు. ఓటర్లను అర్థం చేసుకోగలిగిన మనుషులుగా గౌరవించిన మంత్రి అని నాకు ఆయన మీద అభిమానం కలిగేది ఇక్కడే.

ఆ ఏడాది జూన్‌లో వచ్చిన స్థిరత్వ, వృద్ధి చట్టం ఆయన అసలు కట్టడం. ప్రభుత్వం ఒకేసారి నాలుగు లక్ష్యాలు చూడాలని అది చెబుతుంది: ధరలు నిలకడగా ఉండాలి, ఉపాధి నిండుగా ఉండాలి, విదేశీ వ్యాపారంలో సమతూకం ఉండాలి, వృద్ధి తగినంతగా, ఒడిదుడుకులు లేకుండా సాగాలి. నాలుగూ ఒకేసారి అందవు కాబట్టి దీన్ని మాయా చతురస్రం అన్నారు. చట్టం లక్ష్యాలు వల్లించి ఊరుకోలేదు, చేతికి పనిముట్లు కూడా ఇచ్చింది. అవసరమైతే ప్రభుత్వం ఆదాయపు పన్నును ఒక ఏడాది పాటు పది శాతం దాకా పెంచవచ్చు, తగ్గించవచ్చు. మంచి రోజుల్లో వచ్చిన మిగులును బుందెస్‌బ్యాంక్‌లో కదలకుండా దాచి, చెడ్డ రోజుల్లో తీయవచ్చు. ఐదేళ్ల ఆర్థిక ప్రణాళిక వేయాలి. ప్రతి జనవరిలో ఆర్థిక నివేదిక పార్లమెంటు ముందు పెట్టాలి. దీనికోసం రాజ్యాంగాన్నే సవరించారు.

మరొకటి, కార్మిక సంఘాలూ యజమానులూ బుందెస్‌బ్యాంకూ నిపుణులూ మంత్రితో కలిసి కూర్చునే సమన్వయ వేదిక. జీతాలు ఎంత పెరిగితే ధరలు అదుపులో ఉంటాయో లెక్కలు వేసి ముందు పెట్టడం దాని పని. ఆజ్ఞ ఉండదు, లెక్క మాత్రమే ఉంటుంది.

1968లో ఆర్థిక వ్యవస్థ అయిదు శాతానికి పైగా పెరిగింది, 1969లో ఏడు శాతం దాటింది. నిరుద్యోగం ఒక శాతం కిందికి దిగింది. షిల్లర్ పేరు మారుమోగింది. నిజాయితీగా చెప్పాలంటే ఈ కోలుకోవడంలో ప్రభుత్వ ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఎగుమతులు విపరీతంగా పెరిగాయి. ఎందుకు పెరిగాయన్నదే తర్వాతి చిక్కు.

చవకైన మార్కు, ఖరీదైన ఫలితం

అప్పటి బ్రెటన్ వుడ్స్ ఏర్పాటులో ప్రతి కరెన్సీకీ డాలరుతో ఒక స్థిర ధర. భారతీయ పాఠకులకు దాని ఒక ముఖం బాగా తెలుసు. 1966 జూన్‌లో డాలరుకు 4.76గా ఉన్న రూపాయిని 7.50కి దించారు. డాలర్ల కొరత మన బాధ. జర్మనీ బాధ పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ధరలు ఇతర దేశాల కంటే నెమ్మదిగా పెరిగేవి, మార్కు ధర మాత్రం డాలరుకు 4 దగ్గర కదలకుండా ఉండేది. అంటే ప్రతి ఏటా జర్మన్ సరుకు ప్రపంచానికి ఇంకాస్త చవకయ్యేది. డాలర్లు వెల్లువెత్తేవి. వాటిని కొనడానికి బుందెస్‌బ్యాంక్ మార్కులు సృష్టించేది. ఆ మార్కులు దేశంలో ధరలు పెంచేవి. ఇతర దేశాల ద్రవ్యోల్బణం ఈ దారిన లోపలికి వచ్చేది.

దీనికి విరుగుడుగా వడ్డీ పెంచితే? స్థిర మారకపు రేటు కింద అది కూడా ఎదురు తిరుగుతుంది. 1970లో బుందెస్‌బ్యాంక్ తన ప్రధాన వడ్డీని 7.5 శాతానికి పెంచింది. జర్మన్ కంపెనీలు చక్కగా విదేశాల్లో తక్కువ వడ్డీకి డాలర్లు అప్పు తెచ్చుకుని, వాటిని బుందెస్‌బ్యాంక్‌కే అమ్మి మార్కులు తీసుకున్నాయి. డబ్బు బిగించడానికి వేసిన అడుగే డబ్బును పెంచింది. ఆర్థికశాస్త్రం దీన్ని మూడింటిలో రెండే దక్కే పరిస్థితిగా చెబుతుంది. స్థిర మారకపు రేటు, సరిహద్దులు దాటే పెట్టుబడులకు స్వేచ్ఛ, సొంత వడ్డీ విధానం, ఈ మూడూ ఒకేసారి ఉండవు. ఏదో ఒకటి వదులుకోవాలి. రాబర్ట్ మండెల్, మార్కస్ ఫ్లెమింగ్ 1960ల తొలి ఏళ్లలో చేసిన విశ్లేషణ నుంచి ఈ అవగాహన వచ్చింది. పశ్చిమ జర్మనీ నిపుణుల మండలి కూడా 1964లో తన మొదటి నివేదికలోనే మారకపు రేటును సడలించమని సూచించింది. ప్రభుత్వం పట్టించుకోలేదు.

షిల్లర్ ఈ విషయంలో మొదటి నుంచీ స్పష్టంగా లేరు, ఆ సంగతి దాచనక్కర్లేదు. 1968 నవంబర్‌లో పది పెద్ద దేశాల ఆర్థిక మంత్రులు బాన్‌లో సమావేశమై మార్కు విలువ పెంచమని ఒత్తిడి తెచ్చినప్పుడు, అధ్యక్ష స్థానంలో కూర్చుని కాదన్నది ఆయనే. బదులుగా ఎగుమతుల మీద నాలుగు శాతం పన్ను, దిగుమతులకు అంతే రాయితీ పెట్టారు. మారకపు రేటు మార్చకుండా మార్చినట్టు చేసే అతుకు అది. కొద్ది నెలల్లోనే అది చాలదని తేలింది. 1969 వసంతానికి షిల్లర్ మనసు మార్చుకుని విలువ పెంపు వైపు వచ్చారు. వాస్తవాలు మారితే ఆచార్యుడు అభిప్రాయం మార్చుకోవడం సహజం. రాజకీయ నాయకుడు అలా చేస్తే ఊరుకోరు.

ఎందుకు ఊరుకోరో ఒక కారు ఉదాహరణతో తేలిపోతుంది. 8,000 మార్కుల కారు, డాలరుకు 4 మార్కులైతే అమెరికాలో 2,000 డాలర్లు. డాలరుకు 3.66 అయితే అదే కారు దాదాపు 2,186 డాలర్లు. కారు మారలేదు, కార్మికుడి జీతం మారలేదు, అమ్మకం మాత్రం కష్టమైంది. ఎగుమతి పరిశ్రమలకు అందుకే విలువ పెంపు అంటే వణుకు. రైతులకు మరో భయం. ఐరోపా ఉమ్మడి మార్కెట్లో పంటల ధరలు ఒక ఉమ్మడి లెక్కలో నిర్ణయమయ్యేవి. మార్కు బలపడితే రైతు చేతికి వచ్చే మార్కులు తగ్గేవి. ఈ రెండు వర్గాలూ కీసింగర్, స్ట్రౌస్‌ల పార్టీలకు ఓటు పునాది. లాభపడే వాళ్లెవరు? సరుకు కొనుక్కునే సామాన్యులు, విదేశాలకు విహారానికి వెళ్లే వాళ్లు, పొదుపు దాచుకున్న వాళ్లు. వాళ్లకు సంఘం లేదు.

1969 మేలో మంత్రివర్గం షిల్లర్ వాదన తోసిపుచ్చింది. ప్రభుత్వ ప్రతినిధి ఆ నిర్ణయం శాశ్వతమన్నారు. సెప్టెంబర్‌లో ఎన్నికలు. మారకపు రేటు వంటి పొడి విషయం ఎన్నికల ప్రధానాంశం కావడం చరిత్రలో అరుదు. షిల్లర్ దాన్ని వంటింటి ఖర్చుల భాషలోకి తెచ్చి ఊరూరా చెప్పారు. సోషల్ డెమోక్రాట్లకు 42.7 శాతం ఓట్లు వచ్చాయి, వాళ్లు మొదటిసారి నలభై దాటారు. బ్రాంట్ ఛాన్సలర్ అయ్యారు. ఆ అక్టోబర్‌లో మార్కు విలువను 9.29 శాతం పెంచారు.

కానీ అదే సెప్టెంబర్‌లో మరొకటి జరిగింది. డార్ట్‌మండ్‌లోని హోయెష్ ఉక్కు కర్మాగారంలో కార్మికులు సంఘం పిలుపు లేకుండానే పని ఆపేశారు. గంటకు 30 ఫెనిగ్‌లు (మార్కుకు వంద ఫెనిగ్‌లు) పెంచమన్నది డిమాండ్. సమన్వయ వేదికలో కుదిరిన మితమైన జీతాలను వాళ్ల నాయకులు రెండేళ్లుగా పాటించారు, ఈలోగా కంపెనీల లాభాలు ఎగిసిపోయాయి. కార్మికులు గెలిచారు, సమ్మె ఇతర కర్మాగారాలకు, గనులకు పాకింది. లాభాలూ జీతాలూ కలిసి నడవాలని షిల్లర్ తానే చెప్పేవారు, దానికి సామాజిక సౌష్ఠవం అని పేరు కూడా పెట్టారు. లాభాలు ముందే పరుగెత్తుతుంటే ఆపే మీట మాత్రం ఆ చట్టంలో లేదు. ఆయన వ్యవస్థలో నాకు కనిపించే అతిపెద్ద లోపం ఇదే. మారకపు రేటు దెబ్బ బయటి నుంచి వచ్చింది, ఈ దెబ్బ లోపలిది. పైగా రెండూ కలిసే ఉన్నాయి: ఆ లాభాల్లో పెద్ద భాగం చవకైన మార్కు తెచ్చిపెట్టిన ఎగుమతుల పుణ్యమే.

రెండు శాఖలు, ఒంటరి మంత్రి

1970లో ధరలు వేడెక్కాయి. చట్టం ఇప్పుడు రెండో దిశలో పనిచేయాలి, అంటే గిరాకీ తగ్గించాలి. తిరిగి చెల్లించే షరతుతో ఆదాయపు పన్ను మీద పది శాతం అదనపు వసూలు పెట్టారు. ఖర్చు పెంచినప్పుడు చప్పట్లు కొట్టిన సహచరులే ఇప్పుడు ముఖం చిట్లించారు. సంస్కరణలు వాగ్దానం చేసి గెలిచిన ప్రభుత్వంలో ప్రతి మంత్రికీ పాఠశాలలు, రోడ్లు, పింఛన్లు కావాలి. 1971 మేలో, మార్కును తేలనిచ్చిన మూడు రోజులకే, ఖర్చుల అదుపు కుదరక ఖజానా మంత్రి అలెక్స్ మ్యొల్లర్ రాజీనామా చేశారు. ఆ శాఖ కూడా షిల్లర్‌కే ఇచ్చారు. సూపర్ మంత్రి అని పత్రికలు రాశాయి. అధికారం రెట్టింపయింది నిజమే. శత్రువులు అంతకంటే ఎక్కువ పెరిగారు. ఆర్థిక మంత్రిగా వృద్ధి గురించి మాట్లాడవచ్చు, ఖజానా మంత్రిగా అడిగిన ప్రతివారికీ ‘కాదు’ అని చెప్పాలి. ఆయన ఆ మాట కూడా పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. విద్యార్థులు భరించే గొంతును తోటి మంత్రులు భరించలేదు.

1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి తెంపేశారు. డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో కొత్త స్థిర ధరలు కుదిరాయి, మార్కు డాలరుకు 3.22 అయింది. ఆ కొత్త ఏర్పాటు ఆరు నెలలు గడిచేసరికే బీటలు వారింది. 1972 జూన్ 23న బ్రిటన్ పౌండును తేలడానికి వదిలేసింది. అప్పట్లో రూపాయిని పౌండుకే కట్టి ఉంచడంతో మన రూపాయి కూడా దానితో పాటే కదిలింది. పౌండు నుంచి పారిపోయిన డబ్బు మార్కు మీద పడింది.

బుందెస్‌బ్యాంక్ అధ్యక్షుడు కార్ల్ క్లాసెన్ ప్రతిపాదన సూటిగా ఉంది: విదేశీయులు జర్మన్ బాండ్లు కొనాలంటే అనుమతి తీసుకోవాలి. మూడింటిలో రెండే దక్కుతాయన్న నియమంలో ఆయన పెట్టుబడుల స్వేచ్ఛను వదులుకుందామన్నారు. షిల్లర్ స్థిర మారకపు రేటును వదులుకుందామన్నారు. అనుమతుల గుమాస్తాగిరి మొదలైతే ఎక్కడా ఆగదని, ఒక కంత మూస్తే డబ్బు మరో కంత వెతుక్కుంటుందని వాదించారు. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లు. జూన్ 29న మంత్రివర్గం క్లాసెన్ పక్షం వహించింది. షిల్లర్‌కు తోడుగా నిలిచిన గొంతు లేదు.

మంత్రులు ఆ రోజు మారకపు రేటు మీద మాత్రమే ఓటు వేయలేదు. ఏడాదిగా తమ బడ్జెట్లు కోస్తున్న మనిషి మీద కూడా వేశారు. ఆ ఏప్రిల్‌లోనే బ్రాంట్ ప్రభుత్వం అవిశ్వాస పరీక్షలో రెండు ఓట్ల తేడాతో బయటపడింది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, ఐరోపా భాగస్వాములతో తగాదా పెట్టుకునే సమయం కాదని బ్రాంట్ భావించారు. ఆయన లెక్క కూడా అర్థం చేసుకోదగినదే. షిల్లర్ జూలై 2న రాజీనామా లేఖ రాశారు. ఆయన స్థానంలో వచ్చిన మంత్రి ఒకప్పటి ఆయన శిష్యుడు, సహాయకుడు హెల్ముట్ ష్మిట్.

ఆ తర్వాత షిల్లర్ చేసింది పార్టీ వాళ్లను మరింత గాయపరిచింది. ఆ శరదృతువులో పార్టీ వదిలి, పాత ప్రత్యర్థి ఎర్హార్డ్‌తో కలిసి మార్కెట్ ఆర్థిక వ్యవస్థను కాపాడండంటూ పత్రికా ప్రకటనల్లో కనిపించారు. నవంబర్‌లో బ్రాంట్ 45.8 శాతంతో గెలిచారు, ఆ పార్టీ చరిత్రలో అదే అత్యధికం. షిల్లర్ లేకుండానే. 1980లో ఆయన తిరిగి పార్టీలో చేరారు, 1994 డిసెంబర్‌లో హాంబర్గ్‌లో మరణించారు.

ఆర్థిక వాదనలో మాత్రం కాలం త్వరగానే తీర్పు చెప్పింది. క్లాసెన్ ఆంక్షలు డబ్బు వెల్లువను ఆపలేకపోయాయి. రాజీనామాకు తొమ్మిది నెలలు నిండకముందే, 1973 మార్చిలో, పశ్చిమ జర్మనీ పొరుగు దేశాలతో కలిసి డాలరు మీద కట్టు శాశ్వతంగా విప్పేసింది.

పెట్టుబడుల మీద ఆంక్షలు ఎప్పుడూ పనికిరావని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు. 2004 తర్వాత విదేశీ పెట్టుబడులు భారత్‌లోకి పోటెత్తినప్పుడు, కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి నేతృత్వంలోని రిజర్వ్ బ్యాంకు మూడింటిలో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా వదల్లేదు. రూపాయిని కొంత కదలనిచ్చింది, కొన్ని రకాల పెట్టుబడులకు పరిమితులు కొనసాగించింది, వచ్చిన డాలర్లు కొని, అందుకు విడుదలైన రూపాయలను ప్రత్యేక బాండ్లతో వెనక్కి లాగింది. అయితే ఆ బ్యాంకు చేతిలో ముందు నుంచీ ఉన్న నియంత్రణల యంత్రాంగం ఉంది, రూపాయికి స్థిర ధర కాపాడాల్సిన ఒప్పందం లేదు. 1972 జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడ పెట్టుబడులకు ఎప్పుడో తలుపులు తెరిచారు, మారకపు రేటుకు మాత్రం తాళం వేశారు. అలాంటి చోట షిల్లర్ చెప్పినదే సరైన మందు.

మార్కు తేలాక లాభపడిందెవరన్నది ఈ కథలో ఎక్కువమంది దాటవేసే భాగం. డాలర్లు కొనే బాధ్యత తొలగిపోవడంతో బుందెస్‌బ్యాంక్‌కు మొదటిసారి దేశంలో ఎంత డబ్బు ఉండాలో నిర్ణయించే శక్తి వచ్చింది. 1974 చివర్లో ద్రవ్య సరఫరాకు వార్షిక లక్ష్యం ప్రకటించి, ధరల అదుపును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. మంత్రి కూర్చుని గిరాకీ మీటలు తిప్పే కాలం దానితో ముగిసింది. చమురు ధరలు పెరిగి, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం కలిసి వచ్చినప్పుడు 1967 చట్టానికి సమాధానం దొరకలేదు. సమన్వయ వేదిక నుంచి 1977లో కార్మిక సంఘాలు బయటికి నడిచాయి, కంపెనీల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్య చట్టం మీద యజమానులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లడం అందుకు కారణం. షిల్లర్ సాధించాలనుకున్న తేలియాడే మార్కు, షిల్లర్ నిర్మించిన సమగ్ర నిర్దేశాన్ని పక్కకు నెట్టి, ఆయన్ను ఓడించిన సంస్థనే బలపరిచింది.

చట్టం మాత్రం రద్దు కాలేదు. నాలుగు లక్ష్యాలూ అందులో అలాగే ఉన్నాయి, పన్నులు పది శాతం మార్చే అధికారాన్ని ప్రభుత్వాలు దాదాపు వాడవు. ప్రతి జనవరిలో జర్మన్ ఆర్థిక మంత్రి వార్షిక ఆర్థిక నివేదికను పార్లమెంటు ముందు పెట్టడం ఆ చట్టం కిందే జరుగుతోంది.